బీజగణితపు తొలిమెట్టు – మన బాలికల గణితభయం

అంతవరకు అంకెలతోనే సాగుతూ వచ్చిన లెక్కల పుస్తకంలో ఆరవ తరగతికి వచ్చేసరికి ఒక అక్షరం వచ్చి కూర్చుంటుంది. కూడికలు, తీసివేతలు, భిన్నాలు ఏదో ఒక విధంగా నెట్టుకొచ్చిన బాలిక ఆ అక్షరాన్ని చూచి ఆగిపోతుంది. డిగ్రీలో గణితం చదువుతున్న మేము కొందరం సాయంత్రం వేళల మా ఇరుగుపొరుగు బాలికలకు పాఠాలు చెబుతూ వచ్చాము. వారిలో కొందరు మమ్మల్ని ఆపా అంటారు, కొందరు అక్కా అంటారు. పిలుపు వేరైనా అందరి ప్రశ్న ఒక్కటే: “ఎక్స్ అంటే ఎంతో చెప్పకుండా లెక్క ఎట్ల చేయమంటారు?” ఆ ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ లేదు. నిజానికి అది బీజగణితానికి ప్రాణమైన ప్రశ్న. అయినా దానికి తగిన సమాధానం దొరకని బాలిక, లోపం తనలోనే ఉన్నదని తీర్మానించుకుంటుంది. ఈ తీర్మానం ఎంత అసత్యమో, దానిని తొలగించే మార్గమేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది కేవలం మార్కులకు సంబంధించిన విషయం కాదు. పదవ తరగతిలో లెక్కల పరీక్ష తప్పిన బాలునికి మరొకసారి రాయమని ఇంటిల్లిపాది ధైర్యం చెబుతారు. బాలిక తప్పితే, చదివినది చాలులే అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ వెనువెంటనే పెండ్లి సంబంధాల ప్రస్తావన మొదలవుతుంది. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు గాని, బ్యాంకు ఉద్యోగాల పోటీపరీక్షలకు గాని గణితం తప్పనిసరి. కనుక ఆరవ తరగతిలో ఒక అక్షరం వద్ద పుట్టిన భయం, పదహారవ ఏట ఒక జీవితాన్నే మలుపు తిప్పగలదు.

కరువు – విరిగిన మెట్లు

మన అనంతపురం సీమలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమల చాటున ఉండడంచేత నైరుతి ఋతుపవనాలు మనకు పూర్తిగా అందవు. తూర్పు తీరానికి దూరంగా ఉండడంచేత ఈశాన్య ఋతుపవనాలు కూడ అంతంతమాత్రమే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగా విడివడిన హిందూపురం, కదిరి, ధర్మవరం ప్రాంతాలకు కూడ ఈ మాట వర్తిస్తుంది. వాన ముఖం చాటువేసిన ఏడాది వేరుశెనగ పంట ఎండుతుంది, కుటుంబాలు బెంగళూరు వంటి నగరాలకు పనికి తరలిపోతాయి. ఆడపిల్ల తల్లిదండ్రుల వెంట వెళ్లినా, అవ్వ వద్ద ఉండి తమ్ముళ్లను చూచుకున్నా, బడికి మాత్రం కొన్ని వారాలు దూరమవుతుంది.

చరిత్రలో ఒక పాఠం తప్పిపోతే ఒక రాజవంశం కథ తెలియకుండా పోతుంది, అంతే. గణితంలో పాఠం తప్పిపోతే మెట్టు విరిగినట్లే. భిన్నాలు చెప్పిన రోజులలో బడిలో లేని బాలికకు నిష్పత్తి అర్థం కాదు. ఋణసంఖ్యలు చెప్పిన వారంలో లేని బాలికకు సమీకరణం అర్థం కాదు. తోటివారు మెట్టు తరువాత మెట్టు ఎక్కిపోతుంటే, ఆమె విరిగిన మెట్టు వద్ద నిలిచి, తనకు కాళ్లు లేవని అనుకుంటుంది. చదువు ఆపిన బాలికలకోసం 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం ఆరంభమైనది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీల బాలికలకు అందులో ప్రాధాన్యం ఉన్నది. ఆ వసతి ఎంతో మేలైనదే. అయితే తిరిగి బడిలో కూర్చుండబెట్టడం ఎంత ముఖ్యమో, విరిగిన మెట్టు ఏదో కనిపెట్టి దానిని సరిచేయడం కూడ అంతే ముఖ్యం.

విచిత్రమేమంటే, ఆల్‌జీబ్రా అనే పేరులోనే ఈ సరిచేయడం అనే అర్థం ఇమిడి ఉంది. క్రీస్తుశకం 820 ప్రాంతంలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు సమీకరణాలపై ఒక అరబ్బీ గ్రంథం రచించాడు. దాని పేరులోని ‘అల్ జబ్ర్’ అనే పదమే ఐరోపాకు పోయి ఆల్‌జీబ్రా అయింది. మన ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం, నిర్బంధం. మా బాలికలు ఈ సంగతి విని, “అందుకే ఇది మా మీద జబర్దస్తీ చేస్తున్నది” అని నవ్వుకున్నారు. కాని అరబ్బీలో ఆ పదానికి విరిగిన ఎముకను తిరిగి అతికించడం అనే అర్థం కూడ ఉంది. స్పానిష్ భాషలో ఎముకలు కట్టేవానిని ఒకప్పుడు ‘అల్‌జెబ్రిస్తా’ అని పిలిచేవారు. రాయలసీమ వాసులకు పుత్తూరు కట్టు గురించి వేరుగా చెప్పనక్కరలేదు. విరిగినదానికి కట్టు కట్టి నిలబెట్టే విద్య అది. గణితంలో అటువంటిదే బీజగణితం.

అక్షరం ఎక్కడినుండి వచ్చింది?

తెలియని సంఖ్యకు ఒక పేరు పెట్టుకోవడం కొత్త విషయమేమీ కాదు. అల్ ఖ్వారిజ్మీ ఎక్స్ అనే అక్షరాన్ని ఎరుగడు. తెలియని రాశిని ఆయన ‘షై’, అనగా ‘వస్తువు’ అన్నాడు. ఈ మాట నేటికీ ఉర్దూలో వాడుకలో ఉన్నదే. మన దేశపు గణితవేత్తలు దానిని ‘యావత్తావత్తు’ అన్నారు. ఎంతో అంత అని దాని భావం. ఒకటికి మించి తెలియని రాశులు ఉన్నపుడు వాటికి కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి, యా, కా, నీ, పీ అని మొదటి అక్షరాలతో రాసుకొనేవారు. కనుక ఎక్స్ అనే అక్షరంలో మంత్రమేదీ లేదు. ‘క’ అని రాసినా లెక్క చెడదు.

1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతి గ్రంథంలో అనేక ప్రశ్నలు ఒక బాలికను ఉద్దేశించి అడిగినవే. ఆ గ్రంథాన్ని 1587లో అక్బరు ఆస్థాన కవి ఫైజీ పారశీకంలోకి అనువదించాడు. తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథాన్ని పద్యాలుగా మలిచాడు. గణితం ఏ ఒక్క జాతి సొత్తూ కాదని, ఏ ఒక్క భాష సొత్తూ కాదని ఈ ప్రయాణాలే చెబుతున్నాయి. తొమ్మిది వందల ఏండ్ల కిందట బాలికను సంబోధించి రాసిన శాస్త్రం నేటి బాలికకు తగదని ఎవరైనా అంటే, అది ఆ శాస్త్రం ఎరుగని మాట.

మూడు అడ్డంకులు

మా స్వల్పానుభవంలో బీజగణితపు గుమ్మం వద్ద బాలికలను నిలిపివేసేవి ముఖ్యంగా మూడు. ఒక్కొక్కదానిని పరిశీలిద్దాం.

మొదటిది సమాన చిహ్నం. కింది తరగతులలో 8 + 4 = అని రాసి ఖాళీ వదలుతారు. అందుచేత ఆ రెండు గీతలకు ‘జవాబు రాయి’ అని అర్థం కాబోలునని పిల్లలు అనుకుంటారు. 8 + 4 = □ + 5 అని ఇచ్చి చూడండి. చాలామంది గడిలో 12 అని రాస్తారు, కొందరు అన్నీ కూడి 17 అంటారు. అమెరికాలో 1990ల నాటి పరిశీలనలలో కూడ పిల్లలు ఇవే జవాబులు రాశారు. కనుక ఇది మన పిల్లల ప్రత్యేక లోపం కాదు. సమాన చిహ్నం ఒక తక్కెడ. ఎడమ పళ్లెంలో 12 ఉన్నపుడు కుడి పళ్లెంలో కూడ 12 ఉండాలి. కనుక గడిలో 7 రావాలి.

ఈ తక్కెడ ఒకసారి మనసుకు పట్టిందంటే సమీకరణం సాధించడం కష్టం కాదు. ఎడమ పళ్లెంలో సమాన బరువుగల రెండు వేరుశెనగ సంచులు, 3 కిలోల రాయి ఉన్నాయి. కుడి పళ్లెంలో 11 కిలోల రాళ్లు ఉన్నాయి. తక్కెడ సమంగా నిలిచింది. ఒక్కొక్క సంచి బరువు ‘క’ కిలోలు అనుకుంటే 2క + 3 = 11. రెండు వైపులా 3 కిలోలు తీసివేస్తే రెండు సంచులు 8 కిలోలు. ఒక్కొక్కటి 4 కిలోలు. రెండు వైపులా సమానంగా తీసివేసే ఈ పద్ధతికే అల్ ఖ్వారిజ్మీ ‘ముఖాబలా’ అని పేరు పెట్టాడు. ఒక సంచిలోనుండి 3 కిలోలు తీయగా 7 మిగిలిందంటే, అనగా క – 3 = 7 అయితే, తీసినదానిని తిరిగి పోయాలి. రెండు వైపులా 3 కలిపితే క = 10. పోయినదానిని తిరిగి చేర్చి సరిచేసే ఈ పద్ధతే ‘అల్ జబ్ర్’. ‘అటువైపు పోతే గుర్తు మారుతుంది’ అని బట్టీ పట్టించడం కంటె ఈ విధంగా చెబితే, బాలిక ఆ సూత్రం మరచిపోయినా తానే తిరిగి కనుగొనగలదు.

రెండవది ఋణసంఖ్య. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అనే మాటలతోనే వీటి నియమాలను చెప్పాడు. కరువు సీమ బాలికకు అప్పు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అంగడిలో ఒక్కొక్కటి 50 రూపాయల చొప్పున మూడు అప్పు చీటీలు ఉన్నాయి. అనగా 3 × (–50) = –150. ఒకనాడు అంగడివాడు దయతలచి ఆ మూడు చీటీలను చించివేశాడు. చీటీలు తగ్గాయి కనుక –3. ఒక్కొక్కటి అప్పు కనుక –50. ఇంటికి కలిగినది 150 రూపాయల లాభం. కనుక (–3) × (–50) = +150. ‘ఋణం ఇంటు ఋణం ధనం’ అన్న సూత్రం అప్పుడు నోటిమాటగా మిగలక, అనుభవంగా మారుతుంది. అంగడినుండి సరుకులు తెచ్చే బాలిక ఈ లెక్కను మాకంటె వేగంగా పట్టుకున్నది.

మూడవది అక్షరమే. ఇక్కడ మేము కూడ ఒక పొరపాటు చేశాము. ఒక్కొక్క బిందెకు 15 లీటర్ల నీరు పడితే, మొత్తం నీరు 15బ అని రాసి, ‘బ’ అంటే బిందె అని తొందరలో చెప్పాము. తరువాతి లెక్కలలో బాలికలు తికమకపడ్డారు. ‘బ’ అంటే బిందె కాదు, బిందెల సంఖ్య. ఈ భేదం చిన్నదిగా కనిపించినా చాల ముఖ్యమైనది. ‘ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఆరుగురు విద్యార్థులు’ అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే, అనేకులు 6వి = ఉ అని రాస్తారు. ఇద్దరు ఉపాధ్యాయులున్నచోట విద్యార్థులు పన్నెండుమంది కావాలి కనుక, సరైనది వి = 6ఉ. అమెరికాలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థులకే ఈ ప్రశ్న ఇచ్చిన ఒక పరిశోధన 1981లో వెలువడింది. వారిలో మూడవ వంతుకు పైగా తప్పు రాశారు. ఈ సంగతి చెప్పినపుడు మా బాలికల ముఖాలలో కలిగిన ఊరట వర్ణించలేము. సమీకరణం రాసిన ప్రతిసారీ ఒక సంఖ్య వేసి సరిచూసుకోవడమే ఈ తికమకకు మందు.

ఇంటిలోని బీజగణితం

అక్షరం ఎందుకు కావాలో తెలియజేయడానికి మాకు బోరు లెక్క ఎంతగానో ఉపకరించింది. బోరు బండి రప్పించినందుకు 2000 రూపాయలు, ఆపై అడుగుకు 100 రూపాయల చొప్పున ఖర్చు అవుతుందని అనుకుందాం. ఎంత లోతున నీరు పడుతుందో ఎవరికీ తెలియదు. అయినా ఖర్చును రాయగలం: అడుగుల సంఖ్య ‘అ’ అయితే ఖర్చు 2000 + 100అ. మూడు వందల అడుగులు పోతే 32,000 రూపాయలు. చేతిలో 27,000 రూపాయలే ఉంటే 2000 + 100అ = 27,000, కనుక 250 అడుగుల వద్ద ఆగవలసిందే.

ఈ లెక్క చేసిన తరువాత ఒక బాలిక కొంతసేపు మౌనంగా కూర్చుని, “మా నాయన ముందుగా ఈ లెక్క వేసుకొని ఉంటే బాగుండేది, అక్కా” అన్నది. ఎక్స్ అంటే ఎంతో చెప్పకుండా లెక్క ఎలా చేయాలన్న ప్రశ్నకు ఆమెకు అప్పుడు జవాబు దొరికింది. తెలియనిది తెలిసేవరకు ఊరుకోకుండా, తెలియనిదానికి పేరు పెట్టుకొని ముందుకు ఆలోచించడమే బీజగణితం. బియ్యానికి నీటి కొలత వేయడంలోను, కుట్టుపనిలో గుడ్డ అంచనా కట్టడంలోను బాలికలు ఈ ఆలోచన రోజూ చేస్తూనే ఉన్నారు. లేనిది దానిని రాసే లిపి మాత్రమే.

మాట చేసే గాయం

పాఠం కంటె ఎక్కువగా బాధించేది మాట. ‘ఆడపిల్లలకు లెక్కలు రావు’ అన్న మాటకు ఆధారం లేదు. అమెరికాలో సుమారు 70 లక్షల మంది విద్యార్థుల పరీక్షాఫలితాలను పరిశీలించి 2008లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, రెండవ తరగతినుండి పదకొండవ తరగతి వరకు బాలబాలికల సగటు గణితశక్తిలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. అయితే భయం మాత్రం ఒకరినుండి ఒకరికి సంక్రమిస్తుంది. 2010లో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం, గణితమంటే భయపడే ఉపాధ్యాయినుల వద్ద చదివిన చిన్న తరగతుల బాలికలలో, సంవత్సరాంతానికి ‘లెక్కలు బాలుర విద్య’ అనే నమ్మకం పెరిగింది. అట్లా నమ్మిన బాలికలే గణితంలో వెనుకబడ్డారు. బాలురమీద ఆ ప్రభావం కనబడలేదు. కనుక ‘నాకూ లెక్కలు వచ్చేవి కావమ్మా’ అని తల్లి గాని, అక్క గాని ఓదార్పుగా అనే మాట కూడ హాని చేయవచ్చును. ‘పోనీలే, అందరికీ లెక్కలు రావు’ అనే దయామయమైన వాక్యం తిట్టుకంటె లోతుగా తగులుతుంది. తిట్టులో ఇంకా ఆశ ఉంటుంది. ఈ వాక్యంలో ఆశ ఉండదు.

ఇందుకు ఇరాన్ దేశపు మరియం మీర్జాఖానీ జీవితమే నిదర్శనం. మాధ్యమిక పాఠశాల తొలి సంవత్సరంలో ఆమె గణితంలో రాణించలేదు. ఆమెకు ప్రత్యేక ప్రతిభ లేదని నాటి ఉపాధ్యాయురాలు భావించడంతో ఆమె ఆత్మవిశ్వాసం సడలింది. మరుసటి సంవత్సరం ప్రోత్సహించే గురువు లభించగా ఆమె ఎంతో ముందుకు సాగింది. 1994, 1995 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లలో స్వర్ణపతకాలు గెలుచుకున్నది. 2014లో ఫీల్డ్స్ పతకం పొందిన తొలి మహిళగా నిలిచింది. 2017లో అకాలమరణం చెందింది. ఒక్క సంవత్సరపు నిరుత్సాహం అంతటి మేధనే తడబడజేసిందంటే, సంవత్సరాల తరబడి ‘నీకు రాదు’ అని వింటున్న మన బాలికల సంగతి ఏమని చెప్పాలి?

చేయవలసినది

మేము ఆచరించి ఫలితం చూచిన కొన్ని పద్ధతులను ఇక్కడ పొందుపరుస్తున్నాము. మొదట బాలికకు మార్కుల పరీక్ష పెట్టక, మాటల మీద ఆమె ఏ మెట్టు వద్ద ఆగిందో తెలుసుకోవాలి. ఎనిమిదవ తరగతి బాలిక భిన్నాల వద్ద ఆగి ఉంటే, సిగ్గుపడనీయకుండా అక్కడినుండే మొదలు పెట్టాలి. నోట్‌పుస్తకానికి ముందు పలక ఇవ్వాలి. పలకమీది తప్పు చెరిగిపోతుంది కనుక చేయి ధైర్యంగా కదులుతుంది. వేగాన్ని పోటీగా పెట్టరాదు. భయపడిన మనసుకు లెక్కను గుర్తుంచుకొనే చోటు తగ్గిపోతుందని మనశ్శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. జవాబు తప్పయినపుడు ‘తప్పు’ అని కొట్టివేయక ‘ఎట్లా వచ్చింది?’ అని అడగాలి. సగం తప్పులు చెబుతూ చెబుతూనే వారికే తెలిసిపోతాయి. ఇద్దరిద్దరిని జతగా కూర్చుండబెట్టి ఒకరికొకరు వివరించుకోమనాలి.

భాష విషయం కూడ మరువరాదు. ప్రాథమిక తరగతులు ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు లేక ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చిన బాలికకు లెక్క తెలిసినా మాట తెలియకపోవచ్చును. ఆమెను మొదట ఉర్దూలోనే ఆలోచించి చెప్పనీయాలి. గుర్తులు మూడు భాషలకూ ఒక్కటే.

మా కళాశాల కార్యవర్గానికి మా వినయపూర్వకమైన మనవి ఒకటున్నది. వారానికి రెండు దినాలు, పొద్దు వాలకముందే ఇండ్లకు చేరుకోగల వేళలో, ఒక గది, ఒక నల్లబల్ల, కొన్ని పలకలు ఇప్పించగలిగితే, చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల బాలికలకు మేము పాఠాలు చెప్పగలము. దీనికి పెద్ద ధనం అవసరం లేదు. సోదర విద్యార్థులకు కూడ ఒక మాట. మీ ఇంటిలో చెల్లెలు లెక్కల పుస్తకం పట్టుకొని మీ వద్దకు వచ్చినపుడు, జవాబు చెప్పి పంపివేయకండి. కూర్చుండబెట్టి ప్రశ్న అడగండి.

సమీకరణాన్ని ఉర్దూలో ‘మసావాత్’ అంటారు. మనుష్యుల మధ్య సమానత్వానికీ ఆ భాషలో అదే మాట. తక్కెడ రెండు పళ్లెములూ సమంగా నిలవాలంటే, తగ్గినవైపు ఎంత తగ్గిందో చూచి అంత చేర్చాలి. మన బాలికలకు తగ్గినది తెలివి కాదు. కొన్ని పాఠాలు, కొంత సమయం, కొంచెం నమ్మకం మాత్రమే తగ్గాయి. అవి చేర్చడం మన చేతిలోని పని.